రోడ్డు కారు ట్రాక్ ఎక్కాలంటే

సొంత కారుని రేసు ట్రాక్ మీద నడపాలని ముచ్చటపడేవాళ్ళ ఆలోచన చాలావరకు ఇంజిన్ దగ్గరే మొదలవుతుంది. సైలెన్సర్ మారిస్తే ఎంత పవర్ పెరుగుతుంది, ఇంజిన్ కంప్యూటర్‌ని (ఈసీయూ) రీమ్యాప్ చేయిస్తే ఎంత వస్తుంది అన్నదే చర్చ. లెక్క వేసి చూస్తే వేరే సంగతి తేలుతుంది. డ్రైవరుతో కలిపి 1,100 కిలోల కారు గంటకి 160 కిలోమీటర్ల వేగంతో వచ్చి, మలుపు ముందు 60కి తగ్గిందనుకుందాం. ఆ కాస్తలో కారు వదిలించుకోవాల్సిన శక్తి సుమారు 930 కిలోజౌళ్ళు. మూడు లీటర్ల మామూలు నీటిని మరిగించేంత వేడి అది. మంచి టైర్లున్న కారుకి ఇందుకు పట్టే సమయం మూడు సెకన్లు. అంటే ఆ మూడు సెకన్లూ బ్రేకులు దాదాపు 400 హార్స్‌పవర్ శక్తిని మింగుతున్నాయన్నమాట. అదే కారు ఇంజిన్ ఇచ్చేది నూటపదో, నూటఇరవయ్యో. ట్రాక్ మీద ఈ పని ల్యాపుకి నాలుగైదు సార్లు, ఇరవై నిమిషాల పాటు ఆగకుండా జరుగుతుంది. కాబట్టి రోడ్డు కారుని ట్రాక్‌కి సిద్ధం చేయడమంటే ముందు వేడిని భరించేలా చేయడం, ఆ తర్వాత టైరు నేలకి సరిగ్గా ఆనేలా చేయడం. ఇంజిన్ జోలికి వెళ్ళాల్సింది ఈ రెండూ అయ్యాకే.

ఇవాళ దాదాపు ప్రతి కారు ముందు చక్రాల్లోనూ కనిపించే డిస్క్ బ్రేకు చరిత్రే ఇందుకు మొదటి సాక్ష్యం. బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. అయినా మరో అర్ధ శతాబ్దం చాలా కార్లు డ్రమ్ము బ్రేకులతోనే నడిచాయి, ఎందుకంటే రోడ్డు మీద వాటితో పని గడిచిపోయింది. డ్రమ్ము లోపం వేడెక్కినప్పుడు బయటపడుతుంది. వేడికి డ్రమ్ము వ్యాకోచించి లోపలి షూలకి దూరంగా జరుగుతుంది, పుట్టిన వేడి బయటికి పోయే దారీ తక్కువే. డిస్కు అలా కాదు. గాలికి తెరిచి ఉంటుంది, వేడెక్కి లావెక్కితే ప్యాడ్ల వైపే జరుగుతుంది. డన్‌లప్ కంపెనీ, జాగ్వార్ టెస్ట్ డ్రైవరు నార్మన్ డూయిస్ కలిసి ఈ బ్రేకుని రేసులకి పనికొచ్చేలా తీర్చిదిద్దారు. 1953 లె మాన్స్ 24 గంటల రేసులో టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన జాగ్వార్ సీ-టైప్ గంటకి 170 కిలోమీటర్ల సగటు వేగంతో గెలిచింది. పోటీ కార్ల డ్రైవర్లు డ్రమ్ములు చల్లబడాలని ముందే బ్రేకు వేస్తుంటే, జాగ్వార్ డ్రైవర్లు మలుపుకి ఇంకా దగ్గరగా వెళ్ళి ఆపగలిగారు. రెండేళ్ళకే, 1955లో, సిట్రోయెన్ డీఎస్‌తో డిస్కు మామూలు కుటుంబాల కారులోకి వచ్చింది.

మరి డిస్కులున్న కారు ట్రాక్ మీద ఎందుకు తడబడుతుంది? పై లెక్కనే కొనసాగిద్దాం. వేడిలో 70 శాతం ముందు బ్రేకుల మీదే పడుతుంది. ముందు డిస్కుల జత బరువు పది కిలోలనుకుంటే, ఒక్కసారి గట్టిగా బ్రేకు వేయగానే వాటి ఉష్ణోగ్రత సుమారు 130 డిగ్రీలు పెరుగుతుంది. అది పూర్తిగా చల్లారకముందే తర్వాతి మలుపు వస్తుంది. ఇక్కడ రెండు రకాల వైఫల్యాలున్నాయి, రెంటినీ కాలే పసిగడుతుంది. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత తొక్కినా కారు ఆగకపోతే ప్యాడ్లు చేతులెత్తేశాయని అర్థం. రోడ్డు ప్యాడ్లలోని రెసిన్ వేడికి వాయువులు వదిలి, రాపిడి పడిపోతుంది. పెడల్ మెత్తబడి లోపలికి జారిపోతుంటే మాత్రం బ్రేక్ ఆయిల్ మరిగిందన్నమాట. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలి ఒత్తిడంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోయి ప్యాడ్లని నొక్కే కాలిపర్ దాకా చేరదు. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అది గాలిలోని తేమని పీల్చుకునే ద్రవం. 3.7 శాతం నీరు చేరేసరికి ప్రమాణం అడిగేది 155 డిగ్రీలే. మన కోస్తా ఉక్కపోతలో మూడేళ్ళుగా మార్చని ఆయిల్‌తో ట్రాక్ ఎక్కడం కోరి ప్రమాదం తెచ్చుకోవడమే. అందుకే మొదటి ఖర్చు 300 డిగ్రీలు దాటినా మరగని ఆయిల్ పోయించి, లైన్లలోని గాలంతా తీయించడం. రెండో ఖర్చు ట్రాక్ ప్యాడ్లు.

పెద్ద డిస్కులు, ఆరు పిస్టన్ల కాలిపర్లు వేయిస్తే కారు ఇంకా తొందరగా ఆగదా అని అడిగేవాళ్ళుంటారు. ఒక్కసారి ఆపడానికైతే తేడా ఏమీ ఉండదు. చక్రాన్ని బిగబట్టి ఏబీఎస్ పనిచేసే దాకా తీసుకెళ్ళే బలం కంపెనీ బ్రేకులకీ ఉంది. ఆ తర్వాత కారు ఎంత దూరంలో ఆగుతుందన్నది టైరు గ్రిప్పు చేతిలో ఉంటుంది. పెద్ద డిస్కు చేసే మేలల్లా ఎక్కువ లోహంలో వేడిని పంచుకుని, ఇరవయ్యోసారి కూడా మొదటిసారిలాగే ఆపడం. బరువైన, బలమైన ఇంజిన్ ఉన్న కారుకి అది అవసరమే. తేలికపాటి కారుకి మంచి ప్యాడ్లు, ఆయిల్, డిస్కు మధ్యకి గాలి తెచ్చే గొట్టం చాలు. పైగా పెద్ద డిస్కుతో చక్రం దగ్గర బరువు పెరిగి, గతుకుల మీద టైరు నేలని వదిలే అవకాశమూ పెరుగుతుంది.

ఇక టైర్లు. నేలని తాకేది అరచేతులంత మేర నాలుగు చోట్ల మాత్రమే కాబట్టి గ్రిప్పు తెచ్చిపెట్టే మార్పుల్లో వీటిని మించింది లేదు. అమెరికా పద్ధతిలో టైరు పక్కభాగం మీద ట్రెడ్‌వేర్ అంకె అచ్చువేసి ఉంటుంది. మామూలు టైర్లకి అది 400 చుట్టుపక్కల, ట్రాక్‌కి ఇష్టపడే రోడ్డు టైర్లకి 200, దాదాపు రేసు టైర్లనదగ్గవాటికి 100 లోపు. అంకె తగ్గేకొద్దీ సాధారణంగా రబ్బరు మెత్తన, గ్రిప్పు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. అలాగైతే ముందు టైర్లే కొనొచ్చు కదా అంటే, ఆ క్రమంలో ఒక చిక్కుంది. గ్రిప్పు పెరిగితే డ్రైవరు మలుపుల్లోంచి ఎక్కువ వేగంతో బయటపడతాడు, ఇంకా ఆలస్యంగా బ్రేకు వేస్తాడు. ఆ వేడంతా బ్రేకుల నెత్తినే పడుతుంది. టైరుకీ వేడి లెక్క ఉంది. 30 డిగ్రీల దగ్గర 28 పీఎస్ఐ గాలి పట్టించిన టైరు లోపల 80 డిగ్రీలకి చేరితే ఆ గాలి 35 పీఎస్ఐ అవుతుంది. అందుకే ట్రాక్ మీద గాలి ముందే కొంచెం తక్కువ పట్టించి, కారు బయటికి రాగానే వేడి టైరులో కొలిచి సరిచేస్తారు. సూది లాంటి థర్మామీటరుని రబ్బరులో గుచ్చి లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున వేడి చూస్తారు. మధ్య భాగం ఎక్కువ వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్టు. బయటి అంచు కాగిపోతుంటే మలుపులో టైరు అంచు మీదే నడుస్తున్నట్టు.

ఆ అంచు సంగతి సస్పెన్షన్ చూసుకోవాలి. మలుపులో కారు పక్కకి ఒరిగినప్పుడు బయటివైపు చక్రం కూడా ఒరుగుతుంది. దానికి విరుగుడుగా చక్రం పైభాగాన్ని ముందే లోపలికి వాల్చి ఉంచుతారు. ఈ వాలు పేరే నెగెటివ్ క్యాంబర్. రోడ్డు కార్లలో అది ఒక డిగ్రీ లోపు ఉండటం మామూలు, ట్రాక్‌కి రెండున్నర, మూడు డిగ్రీల దాకా పెడతారు. గట్టి స్ప్రింగులు, లావు యాంటీ రోల్ బార్లు చేసే పని కూడా ఒరుగుదలని తగ్గించి టైరుని నేల మీద చదునుగా నిలపడమే. అవి మలుపులో బరువు ఒక పక్కకి మారకుండా ఆపుతాయన్నది అపోహ. మొత్తం మారే బరువుని ప్రధానంగా నిర్ణయించేవి గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు వేగం. బార్లు, స్ప్రింగులు మార్చగలిగేది ఆ బరువులో ముందు ఇరుసుకెంత, వెనక ఇరుసుకెంత అన్న వాటా. మాక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉన్న కారుని అందం కోసం మరీ కిందికి దించితే ఫలితం తిరగబడుతుంది. కింది ఆర్ములు పైకి వాలిపోయి, గరిమనాభి దిగినదానికన్నా ఎక్కువగా కారు ఒరిగే కేంద్రం (రోల్ సెంటర్) దిగిపోయి, కారు ఒరగాలనే ధోరణి పెరుగుతుంది. షాకబ్జార్బరుకి కదిలే చోటు చాలక బంప్ స్టాపు మీద కూర్చుంటే, ఆ క్షణంలోనే టైరు జారుతుంది.

ఈ క్రమం సరైనదేనని చెప్పడానికి మాజ్దా ఎంఎక్స్-5 చాలు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించిన ఈ రెండు సీట్ల కారుకి 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్, ముందు వెనక డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, ఒక టన్నుకి లోపు బరువు. బలంలో చెప్పుకోదగ్గది కాదు. అయినా అమెరికాలో మియాటా పేరుతో అమ్ముడైన దీని చుట్టూ స్పెక్ మియాటా అనే రేసు తరగతే ఏర్పడింది. దాని నియమాలు గమనించదగ్గవి. ఇంజిన్ దాదాపు కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి, కాలిపర్లు కంపెనీవే, ప్యాడ్లు మాత్రం మార్చుకోవచ్చు. అందరికీ ఒకే స్ప్రింగులు, షాకబ్జార్బర్లు, బార్లు, ఒకే టైరు, లోపల రోల్ కేజ్. ఒక పాత రోడ్డు కారుని పోటీ కారుగా మార్చడానికి చాలినవి ఇంతే.

ఇప్పటి స్పోర్ట్స్ కార్లు ట్రాక్‌కి సిద్ధంగానే వస్తున్నాయి కదా అన్న వాదనలో కొంత నిజముంది. కొన్ని వస్తున్నాయి, వాటి ధరలోనే ఈ ఖర్చంతా ఉంది. ఆయిల్ పాతబడటం మాత్రం వాటికీ తప్పదు. ఇంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. ట్రాక్ కోసం చేసిన ప్రతి మార్పూ రోడ్డు మీద ఏదో ఒకటి తీసుకుంటుంది. ట్రాక్ ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు, కీచుమంటాయి, డిస్కుల్ని త్వరగా అరగదీస్తాయి. ఎక్కువ క్యాంబర్ పెడితే హైవే మీద టైరు లోపలి అంచు అరిగిపోతుంది. గాడుల లోతు తక్కువున్న టైరు వాననీటి మీద తేలిపోతుంది. చట్టమూ ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే ఖరారు చేసింది. ఈ అభ్యంతరాలు పైన చెప్పిన క్రమాన్నే బలపరుస్తున్నాయి. అన్నిటికన్నా ముందుండే బ్రేక్ ఆయిల్ మార్పు రోడ్డు మీద ఏ సుఖాన్నీ తగ్గించదు, ఏ నిబంధనకీ అడ్డురాదు. ప్యాడ్లు ట్రాక్ రోజున వేసి తర్వాత తీసేయొచ్చు. రాజీ ఎక్కువ కోరే సస్పెన్షన్ వరుసలో చివరన ఉండటం అందుకే.

తెలుగువాళ్ళకి దగ్గర్లోని ట్రాక్‌ల్లో ఒకటి చెన్నై పక్కన ఇరుంగట్టుకోట్టైలో ఉంది. అక్కడికో, కోయంబత్తూరులోని ట్రాక్‌కో వెళ్ళే ముందు డబ్బు ఖర్చుపెట్టాల్సిన వరుస ఇది: తాజా బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, టైర్లు, అలైన్‌మెంట్, ఆ తర్వాతే స్ప్రింగులు, షాకబ్జార్బర్లు. మొదటిసారైతే మొదటి రెండూ చేయించి, మిగతా డబ్బు శిక్షకుడి పక్కన కూర్చుని నేర్చుకోవడానికి పెట్టండి.