మీటరు దగ్గర చీకటా? ముందు బండి వెనక్కి వెళ్లి చూడండి!

గద్వాలలో దగ్గరివాళ్ల పెళ్లి చూసుకుని రాత్రిపూట వనపర్తికి బయల్దేరారనుకోండి. వెనక సీట్లో పిల్లలు ఒకరిమీద ఒకరు వాలి నిద్రపోతున్నారు. ఒళ్లో పెళ్లివారు పెట్టిన చీర, కాళ్ల దగ్గర లడ్డూల డబ్బా. ఎర్రవల్లి చౌరస్తా దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన ఎక్కేసరికి స్టీరింగు ముందున్న మీటర్ల లైట్లు టక్కున ఆరిపోయాయి. ఎంత వేగంతో పోతున్నారో తెలియదు, పెట్రోలు ఎంతుందో కనబడదు.

"ముందు లైట్లు బాగానే వెలుగుతున్నాయి కదా, ఇంటికెళ్లాక చూద్దాంలే" అంటారు మీవారు. మీరే నడుపుతున్నా మీకూ అలాగే అనిపిస్తుంది. ఇంత చిన్న లైటు కోసం అర్ధరాత్రి బండి ఆపుతామా అని!

ఆపాలండీ. వంతెన దాటగానే, రోడ్డు పక్కన చోటు చూసుకుని తప్పకుండా ఆపాలి. ఎందుకో చెబుతాను.

ఒకే ఫ్యూజు, రెండు చోట్ల చీకటి

మన ఊళ్లలో ఇప్పటికీ పాత కార్లు చాలానే తిరుగుతున్నాయి. 1983లో వచ్చిన మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. అంబాసిడర్ కూడా అదే ఏడాది ఆగింది. అయినా బాగా చూసుకున్న బళ్లు ఇంకా ఇళ్ల ముందు కనిపిస్తూనే ఉంటాయి. ఇలాంటి పాత బళ్లలో చాలావాటికి మీటర్ల లైట్లు, వెనక ఎర్ర లైట్లు, నంబరు ప్లేటు లైటు ఒకే ఫ్యూజు మీద ఉంటాయి. హెడ్ లైట్లకు వేరే ఫ్యూజు. అంటే ఆ ఒక్క ఫ్యూజు పోతే, మీ ముందు రోడ్డంతా వెలుగే, మీ వెనక మాత్రం కటిక చీకటి!

44వ నంబరు హైవే మీద వెనకాల వచ్చే లారీకి మీ బండి కనబడదు. ఆ సంగతి మీకు చెప్పేది మీటరు దగ్గరి చీకటి ఒక్కటే. అందుకే బండి ఆగగానే బ్లింకర్లు వేయండి. పిల్లల్ని లేపి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. లైట్లు వేసి ఉంచి, రోడ్డు అంచు నుంచే బండి వెనకభాగం చూడండి. ఒక్క జాగ్రత్త! ఆ సమయంలో ఎవరి కాలూ బ్రేకు మీద ఉండకూడదు. బ్రేకు లైట్లకు దారి వేరు. అవి వెలిగితే వెనక లైట్లే వెలుగుతున్నాయని మోసపోతాం.

వెనక లైట్లు వెలుగుతున్నాయా? అయితే గండం లేనట్టే, నెమ్మదిగా ఇల్లు చేరుకోవచ్చు. వెలగడం లేదా? ఫ్యూజు మార్చాకే కదలండి. మార్చడం కుదరకపోతే ఎవరినైనా పిలిపించుకోండి గానీ, అలాగే నడిపించొద్దు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల ప్రకారం సూర్యాస్తమయమైన అరగంట నుంచి సూర్యోదయానికి అరగంట ముందు దాకా వెనక లైటు వెలగాల్సిందే. కారు వెనక నంబరు 50 మీటర్ల దూరానికి చదవగలిగేలా వెలుగు ఉండాలి.

తేలికైనది ముందు, కష్టమైనది చివర

పప్పు ఉడకకపోతే ముందు గ్యాసు వెలుగుతోందా, విజిల్ సరిగా ఉందా అని చూస్తాం గానీ కుక్కరు మార్చేయం కదా! ఇక్కడా అంతే.

మొదట మీటరు పక్కన చిన్న చక్రంగానీ, తిప్పే బటన్‌గానీ ఉందేమో చూడండి. కొన్ని బళ్లలో మీటరు వెలుగు పెంచేందుకు, తగ్గించేందుకు అది ఉంటుంది. తుడిచేటప్పుడు గుడ్డ తగిలో, పిల్లలు ఆడుకుంటూ తిప్పో అది పూర్తిగా కిందికి పోయి ఉండొచ్చు.

తర్వాత ఫ్యూజు. ఫ్యూజుల పెట్టె సాధారణంగా స్టీరింగు కింద గానీ, బానెట్ లోపల గానీ ఉంటుంది. ఏది దేనిదో మూత మీదో, బండితో వచ్చిన పుస్తకంలోనో రాసి ఉంటుంది. లైట్లు, తాళం రెండూ ఆపేశాకే ఫ్యూజు బయటికి తీయండి. లోపలి తీగ తెగి ఉంటే మాడిపోయినట్టే. రెండు కాళ్ల ప్లాస్టిక్ ఫ్యూజులైతే రంగే గుర్తు: ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. ఎరుపు తీస్తే ఎరుపే పెట్టాలి. ఇంట్లో ఫ్యూజు పోతే లావు తీగ చుట్టేసే అలవాటు కొందరికి ఉంటుంది. సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టి పెట్టేవాళ్లూ ఉన్నారు. అప్పటికి లైటు వెలుగుతుంది నిజమే, కానీ ఫ్యూజు మాడాల్సిన చోట వైర్లు మాడతాయి, బండే అంటుకోవచ్చు.

కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోయిందంటే ఎక్కడో వైరు బాడీకి తగులుతోందని అర్థం. వెనక లైటు అద్దం పగిలి వాన నీళ్లు దిగాయేమో, డిక్కీ మూత దగ్గర వైరు నలిగిందేమో చూడండి. నాగర్‌కర్నూల్ వైపు పల్లెల్లో బండిని వడ్ల బస్తాల పక్కన, గడ్డివాము దగ్గర పెడుతుంటారు. అక్కడ ఎలుకలకు కొదవా! అవి వైర్ల తొడుగు కొరికేస్తాయి. కొత్తగా టేపు రికార్డరో, స్టీరియోనో బిగించాక ఈ గొడవ మొదలైతే ముందు ఆ వైర్లనే అనుమానించండి.

ఫ్యూజు బాగుంది, వెనక లైట్లూ బాగున్నాయి, మీటర్లో మాత్రం సగం చీకటిగా ఉందా? అది బల్బు పని. మీటరు వెనక చిన్న చిన్న బల్బులు హోల్డర్లలో ఉంటాయి. హోల్డరును కొంచెం తిప్పితే బయటికి వస్తుంది. మొత్తం అన్నీ ఒకేసారి పోయి, కాసేపు వెలుగుతూ కాసేపు ఆరుతూ ఉంటే బల్బులు కాదు, అతుకే వదులైంది. గద్వాల చీరలో నూలూ గట్టిదే, పట్టంచూ గట్టిదే. ఆ రెంటినీ కలిపిన చోటే నేతగాడి పనితనమంతా. వైర్లకూ అంతే, సాధారణంగా చెడేది జోడించిన చోటే. ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు గీకి, గట్టిగా బిగిస్తే చాలాసార్లు వెలుగు తిరిగి వస్తుంది.

మీటరు వెనక చెయ్యి పెట్టే ముందు బ్యాటరీకి మైనస్ గుర్తున్న వైరు ఊడదీయాలి. పాత బళ్లలో మీటరును గట్టిగా ముందుకు లాగొద్దు. వెనక స్పీడు కేబుల్ తగిలించి ఉంటుంది, విరుగుతుంది. చేతకాదనిపిస్తే ఈ పని ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఎల్‌ఈడీ బల్బు పెట్టించుకుని అది వెలగకపోతే పాడైందని పారేయకండి. తీసి అటుది ఇటు తిప్పి పెట్టి చూడండి.

రోజూ పొద్దున రెండు ఎర్ర దీపాలు

మీటరు చీకటిగా ఉంటే మనకు తెలుస్తుంది. మనకు తెలియకుండా పోయే లైట్లు రెండున్నాయి. ఇంజన్ ఆయిల్ తగ్గితే ఎర్రగా వెలిగేది ఒకటి, బ్యాటరీ చార్జి కాకపోతే వెలిగేది రెండోది. ఆ బల్బులు మాడిపోయి ఉంటే ఆయిల్ లేకపోయినా ఎర్ర దీపం వెలగదు. అంతా బాగుందనుకుంటాం, ఈలోగా ఇంజన్ పట్టేస్తుంది. లైటు బల్బుకయ్యే ఖర్చెంత, ఇంజన్ విప్పిస్తే అయ్యే ఖర్చెంత!

పరీక్ష చాలా సులువు. తాళం తిప్పండి, ఇంజన్ మాత్రం స్టార్ట్ చేయకండి. ఆ రెండు ఎర్ర దీపాలూ వెలగాలి. స్టార్ట్ చేశాక రెండూ ఆరిపోవాలి. తాళం తిప్పినా వెలగనిది పాడైనట్టు. స్టార్ట్ అయ్యాక కూడా ఆయిల్ దీపం ఆరకపోతే వెంటనే ఇంజన్ ఆపేయండి.

ప్రయాణానికి ముందు

* డాష్‌బోర్డు పెట్టెలో ప్రతి రంగు ఫ్యూజు రెండేసి, ఒక టార్చిలైటు, 10వ నంబరు పానా పెట్టుకోండి.
* చీకటి పడకముందే లైట్లు వేసి, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి.
* ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే "మీటర్ లైట్లు పోయాయి" అని ఊరుకోకండి. "వెనక లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యూజు చూశాను, బాగుంది" అని చెప్పండి. పని త్వరగా అవుతుంది, అక్కర్లేనివి మార్చే అవకాశమూ తగ్గుతుంది.

ఈసారి పెళ్లినుంచి వచ్చేటప్పుడు మీటరు ఆరిపోతే, "ఏం కాదులే" అని ఎవరన్నా సరే, మీరు మాత్రం బండి ఆపించండి. వెనక సీట్లో పిల్లలున్నారు కదా!