రసానికీ పిప్పికీ మధ్య

ఎండాకాలం బస్టాండు ముందు బత్తాయి బండి దగ్గర ఆగినప్పుడు ఆ చేతి మిషన్‌ను ఒకసారి పరకాయించి చూడండి. బండతను కాయ తొక్క తీసి, రెండు చెక్కలు చేసి పైనున్న గరాటులో పడేస్తాడు. పక్కనున్న పిడి పట్టుకుని తిప్పుతాడు. లోపల లావుపాటి మర ఒకటి చెక్కలను ముందుకు నెట్టుకుపోతుంది. పోనుపోనూ దారి ఇరుకవుతుంది. రసం అడుగున ఉన్న జల్లెడలోంచి కారుతుంది, పిప్పి మర చివరి నుంచి బయట పడుతుంది. ఇవాళ షాపుల్లో ‘కోల్డ్ ప్రెస్ జ్యూసర్’ పేరుతో వేల రూపాయలు పలుకుతున్న యంత్రం కడుపులో ఉన్నది కూడా ఇలాంటి మరే. చెయ్యి తిప్పే చోట మోటారు తిప్పుతుంది.

ఈ సంగతి తెలిస్తే కొనబోయేవారికి సగం తికమక తీరిపోతుంది. మిగతా సగం తీరాలంటే పండు లోపలికి వెళ్లాలి.

బత్తాయిలోనూ క్యారెట్‌లోనూ ఉన్న నీరు దాదాపు సమానం. వంద గ్రాముల్లో 88 గ్రాములు, కాస్త అటూ ఇటూగా. అయినా బత్తాయి చెక్కను పిండితే రసం ధార కడుతుంది, క్యారెట్‌ను ఎంత నొక్కినా చుక్క రాలదు. కారణం, ఆ నీరు విడిగా లేదు. ప్రతి కణంలోనూ రిక్తిక అనే సంచి ఉంటుంది. చక్కెర, పులుపు, మరికొన్ని పోషకాలు కలిసిన నీరు చాలావరకు అందులోనే దాగి ఉంటుంది. కణం చుట్టూ సెల్యులోజ్, పెక్టిన్‌లతో కట్టిన గోడ. బడి పుస్తకాల్లో దీన్నే కణకవచం అని చదువుకున్నాం. బత్తాయి తొనలోని రసపు తిత్తుల్లో ఆ గోడలు పలచన. క్యారెట్‌లో కణాలు చిన్నవి, గోడలు గట్టివి, ఒకదానికొకటి బిగించి అతికించినట్టుంటాయి. కాబట్టి రసం తీయడమంటే రెండు పనులు: గోడలు పగలగొట్టడం, పగిలిన గోడల నుంచి నీటిని వేరుచేయడం. మా అమ్మమ్మ క్యారెట్‌ను తురిమి పలచని గుడ్డలో వేసి పిండేది. ఆమె చేసినవీ ఆ రెండు పనులే.

సెంట్రిఫ్యూగల్ జ్యూసర్ ఆ తురుముపీటనూ గుడ్డనూ ఒక్కచోట చేర్చి గిర్రున తిప్పుతుంది. అడుగున సన్నని పళ్లున్న చక్రం, చుట్టూ జల్లెడ బుట్ట. మిక్సీతో పాటు వచ్చే జ్యూసర్ తగిలింపు చాలావాటిలో ఇదే పద్ధతి. 10 సెంటీమీటర్ల వెడల్పున్న బుట్ట నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. దాని అంచు గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతున్నట్టు. ఆ అంచున పడిన తురుమును బయటికి తోసే బలం దాని సొంత బరువుకు 5,000 రెట్లు దాటుతుంది. బట్టలమిషన్ తడిబట్టల్లోని నీటిని విదిలించినట్టే, ఈ బుట్ట తురుములోని రసాన్ని జల్లెడ కన్నాల్లోంచి విదిలిస్తుంది. పని క్షణాల్లో అయిపోతుంది. కానీ అంత వేగంలో గాలి కూడా రసంలో కలిసిపోతుంది. గ్లాసులో సగం నురగ కనిపించేది అందుకే.

మర జ్యూసర్ దీనికి పూర్తిగా ఎదురు. దాన్ని మన గానుగకు చెల్లెలు అనవచ్చు. నిమిషానికి 50 చుట్ల దరిదాపుల్లో తిరుగుతూ, మరకూ జల్లెడకూ మధ్య ముక్కను నలిపి, నొక్కి, పిండుతుంది. వాట్ల లెక్క చూసి మోసపోయేది ఇక్కడే. 500 వాట్ల వేగపు జ్యూసర్ పక్కన 200 వాట్ల మర జ్యూసర్ పెడితే మొదటిదే బలమైనదని తోస్తుంది. వాట్లు చెప్పేది క్షణానికి ఎంత కరెంటు తాగుతుందన్నది మాత్రమే. తిప్పే బలం వేరు. సైకిల్‌ను మిట్ట ఎక్కించేటప్పుడు గేరు మారిస్తే చక్రం మెల్లగా తిరిగినా బలం పెరిగినట్టు, పళ్లచక్రాలు మోటారు వేగాన్ని తగ్గించి ఆ మేరకు మెలితిప్పే బలాన్ని పెంచుతాయి. నష్టాలు పక్కనపెట్టి లెక్కకడితే 50 చుట్ల 200 వాట్ల మరకు ఉండే మెలితిప్పే బలం, 10,000 చుట్ల 500 వాట్ల చక్రానికి ఉండేదానికి దాదాపు 80 రెట్లు. పిప్పి పొడిగా రావడం, పాలకూర, పుదీనా వంటి ఆకుల్లోంచి కూడా రసం దిగడం ఈ బలం చలవే. వేగపు చక్రం మీద ఆకు నలగదు, చాలావరకు ఎగిరి అటు పిప్పిలో పడిపోతుంది.

ఇక ఆ పేరులోని ‘కోల్డ్’ మాట. వేగపు జ్యూసర్ వేడికి పోషకాలు చచ్చిపోతాయని అమ్మేవారు చెబుతుంటారు. లెక్క మనమే వేసుకోవచ్చు. 400 వాట్ల మోటారు నిమిషం నడిస్తే ఖర్చయ్యే శక్తి 24,000 జౌళ్లు. అందులో ఒక్క జౌలు కూడా వృథా కాకుండా అంతా ముప్పావు కిలో ముక్కలకే వేడిగా చేరిందనుకున్నా, పెరిగే ఉష్ణోగ్రత దాదాపు 8 డిగ్రీలే. నిజానికి చాలా శక్తి మోటారు కాగడానికీ గాలిని కలబెట్టడానికీ పోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన క్యారెట్ వంటగది వేడికి రావడానికి పట్టేంత వేడి కూడా కాదది. రసంలోని ఎంజైములు బతికుంటే మన జీర్ణానికి సాయపడతాయన్న మాటకూ ఆధారం లేదు. అవి ప్రోటీన్లు, కడుపులోని ఆమ్లం, జీర్ణరసాలు మిగతా ప్రోటీన్లతోపాటు వాటినీ ముక్కలు చేస్తాయి. మర జ్యూసర్ మంచిదే. దాని మంచితనం చల్లదనంలో లేదు. గాలి తక్కువ కలపడంలో, గట్టిగా పిండడంలో ఉంది.

గాలి గురించి ఎందుకింత పట్టింపు అంటే, గోడ పగలగానే పండులో ఒక కొత్త కథ మొదలవుతుంది. కణంలో విడివిడి గదుల్లో ఉన్నవన్నీ ఒక్కసారిగా కలిసిపోతాయి. వంకాయ తరిగి ఉప్పునీళ్లలో వేయకపోతే నల్లబడుతుందని వంటచేసే ప్రతివారికీ తెలుసు. ఆపిల్ రసం గోధుమరంగుకు తిరగడం కూడా అదే చర్య. రిక్తికలోని ఫినాల్ పదార్థాలను, ఇంకో గదిలో ఉన్న పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి రంగు మారుస్తుంది. నిమ్మకాయ పిండితే ఈ పని నెమ్మదిస్తుంది. పులుపుకు ఎంజైము చేతులు కట్టేసినట్టవుతుంది, నిమ్మలోని సి విటమిన్ ఏర్పడబోయే రంగును వెనక్కి తిప్పుతుంది. రసం తీసిన తర్వాత కాదు, ముక్కలతో పాటే నిమ్మ వేయడం మేలు.

బత్తాయిది ఇంకో చిత్రం. నల్లగొండ, అనంతపురం తోటల బత్తాయిని మిక్సీలో వేసి తిప్పి, మధ్యాహ్నానికని ఫ్రిజ్‌లో పెట్టి చూడండి. పొద్దున తియ్యగా ఉన్న రసం అప్పటికి చేదెక్కుతుంది. పాడైందని చాలామంది పారబోస్తారు. తొనల మీది పొరల్లోనూ గింజల్లోనూ చేదులేని ఒక పదార్థం ఉంటుంది. గోడలు నలిగి అది పులుపు రసంలో కలిసిందంటే నెమ్మదిగా లిమోనిన్‌గా మారుతుంది. లీటరులో కొద్ది మిల్లీగ్రాములున్నా నాలుక దాన్ని పట్టేస్తుంది. అందుకే బత్తాయి, నారింజ, కమలాలకు ఏ ఖరీదైన యంత్రమూ అక్కర్లేదు. అడ్డంగా కోసి, గింజలు నలగకుండా చేత్తో తిప్పి పిండే ప్లాస్టిక్ లేదా స్టీలు పిండుడు గిన్నె వాటికి అన్నిటికంటే మంచి జ్యూసర్. ఇంట్లో తాగేది బత్తాయి రసమొక్కటే అయితే ఇక్కడితో మీ బేరం తేలిపోయినట్టే.

పుచ్చకాయ, ద్రాక్ష వంటి మెత్తటివాటికి ఇంట్లో ఉన్న మిక్సీ, ఒక జల్లెడ చాలు. మామిడి, అరటి, బొప్పాయి, సపోటాలను అసలు జ్యూసర్లో వేయకండి. వాటిలో పెక్టిన్ గుజ్జు నీటిని పట్టుకుని వదలదు, జల్లెడ కన్నాలు పూడిపోతాయి. వాటిని మిక్సీలో గుజ్జుగానే చేసుకోవాలి. నూజివీడు రసాలకు ఆ అవసరమూ లేదు. చేత్తో మెత్తగా నలిపి తొడిమ తీసి జుర్రుకోవడాన్ని మించిన పద్ధతి ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. ఆపిల్, క్యారెట్, బీట్‌రూట్ వంటి గట్టివాటిని ఇంటినిండా జనానికి గబగబా తీయాలంటే వేగపు జ్యూసర్. రోజూ ఒకరిద్దరికి, ఆకులతో సహా తీయాలంటే మర జ్యూసర్. నా తీర్పు ఇదే.

కొనేముందు షాపులో రెండు ప్రశ్నలు తప్పక అడగండి. జల్లెడ, రబ్బరు వాషర్లు విడిగా దొరుకుతాయా? మొత్తం విప్పితే ఎన్ని ముక్కలవుతుంది? మా ఇంట్లో ఒక జ్యూసర్ రెండేళ్లుగా అటక మీద ఉంది. మోటారు చక్కగా ఉంది. జల్లెడ అంచు చీలింది, విడిగా దొరకలేదు. మర జ్యూసర్లలో ముందుగా దెబ్బతినేవి ఈ చిన్న భాగాలే.

వాడేటప్పుడు మరను బతికించుకునే పద్ధతి కొంత ఉంది. అల్లం, గోధుమగడ్డి, పుదీనా కాడలు పొడవుగా వేస్తే పీచు మర చుట్టూ తాడులా చుట్టుకుంటుంది. అంగుళం ముక్కలు చేయాలి. ఉసిరి, నేరేడు గింజలు తీసేయాలి. ఉసిరి గింజ మరను విరగ్గొట్టగలదు. ఆకులను ఒట్టిగా కాక రెండు క్యారెట్ ముక్కల నడుమ పెట్టి వేస్తే బాగా నలుగుతాయి. పిప్పిని గుప్పిట్లో పిండి చూడండి. చుక్కలు రాలితే ఇంకోసారి వేయండి. చివరికి మిగిలిన పిప్పిని దోసెపిండిలోనో, కూరలోనో కలిపేయవచ్చు. మనం వదిలేస్తున్న పీచు అంతా అందులోనే ఉంది.

రసం గ్లాసుల్లో పోసిన వెంటనే, తాగకముందే, జల్లెడను కుళాయి కింద పెట్టాలి. తడిగా ఉన్నంతసేపు పెక్టిన్ నీటితో జారిపోతుంది. ఎండిందా, జిగురులా కన్నాల్లో బిగుసుకుంటుంది. బ్రష్‌తో బయటివైపు నుంచి లోపలికి రుద్ది, వెలుతురుకు ఎత్తి చూస్తే పూడిన కన్నాలు తెలుస్తాయి. క్యారెట్ మరక సబ్బుకు లొంగదు. ఆ రంగు కెరోటిన్, నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. ప్లాస్టిక్ మీద రెండు చుక్కల వంటనూనె రుద్ది, ఆ తర్వాత సబ్బుతో కడగండి, పోతుంది. క్యారెట్ రసం ఒట్టి కడుపున కాక, కాస్త నెయ్యో నూనెనో ఉన్న టిఫిన్‌తో తాగితే ఒంటికి ఎక్కువ పట్టడానికీ ఇదే కారణం. బీట్‌రూట్ రసం తాగిన మర్నాడు కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది. అది ఆ దుంప రంగే, రక్తం కాదు.

తీసిన రసాన్ని అప్పుడే తాగాలి. పులుపు లేని రసాలు నిల్వకు మరీ పనికిరావు. 2006లో అమెరికా, కెనడాల్లో సీసా క్యారెట్ రసం తాగినవారు కొందరు బొట్యులిజం అనే, ఒక సూక్ష్మజీవి విషంతో వచ్చే జబ్బు పాలయ్యారు. పులుపు తక్కువైన రసం తగినంత చల్లగా లేకపోతే ఆ సూక్ష్మజీవి గాలి చొరని సీసాలో పెరుగుతుంది.

యంత్రం ఏదైనా, దాన్ని కొనేవారు తెలుసుకోవలసిన ముఖ్యమైన ప్రయోగం 1977లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. బ్రిటిష్ శాస్త్రజ్ఞులు పదిమందికి ఒకరోజు ఆపిల్ పండ్లు, ఒకరోజు వాటి గుజ్జు, ఇంకోరోజు రసం ఇచ్చారు. మూడింటిలోనూ చక్కెర సమానమే. పండ్లు తినడానికి పట్టిన సమయంలో పదకొండో వంతులో రసం అయిపోయింది. తాగే వేగాన్ని సమానం చేసినా రసంతో ఆకలి పండ్లతో తీరినంతగా తీరలేదు. గుజ్జు, రసం తీసుకున్నప్పుడు ఇన్సులిన్ ఎక్కువ ఎగసింది. రసం తాగాక రక్తంలో గ్లూకోజ్ ఆ తర్వాత బాగా పడిపోయింది. గోడను మనం యంత్రంతో పగలగొడితే, పేగులో మెల్లగా జరగాల్సిన పని ముందే జరిగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 మార్గదర్శకాల్లో పండ్లరసంలోని చక్కెరను కూడా తేనె, పంచదారలతో పాటు ఒకే లెక్కలో వేసింది. పండులో ఉన్న చక్కెరను ఆ లెక్కలో వేయలేదు. కాబట్టి చక్కెర జబ్బున్నవారికి పండు వేరు, రసం వేరు. ఏడాది నిండని పసివారికి రసమే వద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో చెప్పింది. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు పాలకూర, బీట్‌రూట్ రసాలు రోజూ తాగవద్దు. ఆక్సలేట్లు గ్లాసులోకి చిక్కగా దిగుతాయి.

చివరిగా సొరకాయ రసం. కొందరు దీన్ని పరగడుపున రోజూ తాగుతారు. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త చేదు సొరకాయ రసం తాగి చనిపోయారు. ఆ తర్వాత భారతీయ వైద్య పరిశోధన మండలి నిపుణులతో సంఘం వేసి పరిశీలించింది. సొర, దోస జాతి కాయల్లో కుకుర్బిటాసిన్లనే విషపదార్థాలు అప్పుడప్పుడు ఎక్కువగా తయారవుతాయి. బయటికి కాయ మామూలుగానే ఉంటుంది, చేదే దాని గుర్తు. కూరగా వండితే ఆ చేదు ముద్దకే తెలిసి పక్కన పెడతాం. రసంలో అల్లం, నిమ్మ, మరో కాయ రసం కలిపి గడగడా తాగేస్తాం. ఆరోగ్యానికి మంచిదన్న నమ్మకంతో చేదును ఓర్చుకునేవారూ ఉన్నారు. దయచేసి ఓర్చుకోవద్దు. సొరకాయను జ్యూసర్లో వేసేముందు చిన్న పచ్చిముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి, కాయ మొత్తం పారేయండి. ఇంకో రసంతో కలిపి సర్దుకోవద్దు. తాగాక కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలైతే ఇంటివైద్యంతో కాలయాపన చేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. దీనికి విరుగుడు మందు లేదు.