పైపు ఎప్పుడు తీస్తారు?

సిజేరియన్‌కు ముందే తేదీ ఖాయమైన గర్భిణికి కోత గురించి, కుట్ల గురించి, వెన్నులో ఇచ్చే మత్తు ఇంజెక్షన్ గురించి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. యూరిన్ పైపు సంగతి చెప్పేవాళ్లు తక్కువ. ఆపరేషన్ అయిపోయి కాళ్లలో కాస్త చలనం వచ్చేసరికి తొడ మీద ప్లాస్టర్‌తో అంటించిన సన్నటి గొట్టం, మంచం కమ్మీకి వేలాడుతున్న సంచీ కంటపడతాయి. బిడ్డను చూసుకున్నాక తల్లి అడిగేది ఇదే: "పైపు ఎప్పుడు తీస్తారు?" అరకు, పాడేరు ఆస్పత్రులకు వచ్చే తల్లుల్లో ఇంట్లో కువి మాట్లాడేవాళ్లున్నారు, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లున్నారు. ఏ భాషలో అడిగినా అది అడగాల్సిన ప్రశ్నే. ఈ పరికరం చరిత్రలో మొదటి భాగమంతా గొట్టాన్ని లోపల ఎలా నిలపాలన్న తపనతో సాగింది. రెండో భాగం దాన్ని ఎంత త్వరగా బయటికి తీయవచ్చన్న విచారణతో ఇప్పటికీ సాగుతోంది.

డాక్టర్లు దీన్ని ఫోలీ కాథెటర్ అంటారు. చేతిలోకి తీసుకుంటే మెత్తగా, లేత గోధుమ రంగులో ఉంటుంది. ఆడవాళ్లకు మామూలుగా 14 లేదా 16 నంబరు వేస్తారు. ఈ నంబర్లు 19వ శతాబ్దంలో పారిస్‌లో శస్త్రచికిత్స పరికరాలు చేసిన షారియేర్ పెట్టిన కొలత. నంబరును మూడుతో భాగిస్తే గొట్టం అడ్డుకొలత మిల్లీమీటర్లలో వస్తుంది. 16 నంబరంటే 5.3 మిల్లీమీటర్లు. గొట్టం బయటి కొస రెండు పాయలుగా చీలి ఉంటుంది. పెద్ద పాయ సంచీకి పోతుంది. చిన్న పాయ కొసన రంగు వాల్వు ఉంటుంది: 14కు ఆకుపచ్చ, 16కు నారింజ. ఆ వాల్వుకు సిరంజి పెట్టి 10 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లు ఎక్కిస్తే, మూత్రాశయంలోకి చేరిన కొస దగ్గర చిన్న బెలూన్ ఉసిరికాయంత ఉబ్బుతుంది. గొట్టం జారిపోకుండా పట్టి ఉంచేది అదే. ఉప్పునీరైన సెలైన్ ఇందుకు వాడరు. ఉప్పు స్ఫటికాలు కట్టి ఆ సన్నటి దారి మూసుకుపోతే తీసే రోజున బెలూన్ ఖాళీ కాదు.

మూత్రం బిగిసిపోయినవాళ్లకు గొట్టం వేసి బాధ తీర్చే పద్ధతి సుశ్రుతుడి కాలం నాటికే మన వైద్యులకు తెలుసు. గొట్టం ఎక్కువగా లోహందే, గట్టిగా ఉండేది. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1752లో రాళ్ల జబ్బుతో బాధపడుతున్న అన్న కోసం వెండి ముక్కలు అతుకులుగా కూర్చి వంగే గొట్టం చేయించాడు. రబ్బరును గంధకంతో కాచి గట్టిపరిచే పద్ధతి గుడ్‌ఇయర్ చేతిలో కుదిరాక, 1860 ప్రాంతంలో పారిస్ సర్జన్ నెలటోన్ మెత్తటి ఎర్ర రబ్బరు గొట్టం తెచ్చాడు. నొప్పి తగ్గింది గాని అది లోపల నిలిచేది కాదు. టేపు అంటించేవారు, దారంతో కట్టేవారు, ఒక్కోసారి చర్మానికి కుట్టేవారు. ఆడవాళ్లలో మూత్రనాళం పొడవు సుమారు నాలుగు సెంటీమీటర్లే కాబట్టి జారిపోవడం ఇంకా తేలిక.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్ నగరంలో యూరాలజిస్టుగా పనిచేసిన ఫ్రెడరిక్ ఫోలీ మనసులో ఉన్నది వేరే సమస్య. ప్రోస్టేట్ గ్రంథి ఆపరేషన్ తర్వాత మగవాళ్లకు రక్తం ఆగేది కాదు. గాయాన్ని లోపలి నుంచి అదిమిపట్టడానికి గొట్టం చివర బెలూన్ కట్టాలని ఆయన 1929లో ప్రతిపాదించాడు. మొదట్లో ఆ బెలూన్‌ను సన్నటి పట్టుదారంతో గొట్టానికి కట్టి, నీరు చొరని జిగురుతో అతికించేవారు. దారం ఊడితే అంతా పోయినట్టే. రబ్బరు చెట్టు పాలను నేరుగా ద్రవరూపంలో వాడే లేటెక్స్ పద్ధతులు 1930లలో మెరుగుపడ్డాయి. అప్పుడు గొట్టం, బెలూన్, రెండు దారులు అన్నీ కలిపి ఒకే ముక్కగా పోతపోయడం సాధ్యమైంది. ఆ చెట్టు ఇప్పుడు మనకూ కొత్త కాదు, తూర్పు కనుమల్లోనే మారేడుమిల్లి వైపు వెళితే రబ్బరు తోటలు కనిపిస్తాయి.

ఫోలీ 1935లో అమెరికన్ యూరాలజిస్టుల సమావేశంలో తన నమూనా చూపించాడు. పేటెంట్ మాత్రం 1936లో డావోల్ రబ్బర్ కంపెనీకి చెందిన పాల్ రైష్‌కు దక్కింది. నాలుగు నెలలు వెనకబడి దరఖాస్తు పెట్టిన ఫోలీ అప్పీలులో ఒకసారి గెలిచి, పునర్విచారణలో ఓడిపోయాడు. అయితే సి.ఆర్. బార్డ్ కంపెనీ గొట్టాన్ని ఆయన పేరుతోనే అమ్మింది, ఆ పేరే ప్రపంచమంతా నిలిచింది.

గొట్టం నిలవడంతో ఇంకో కష్టం మొదలైంది. ఆ రోజుల్లో గొట్టం బయటి కొసను మంచం కింద తెరిచి ఉన్న సీసాలో వదిలేవారు. సీసాలో పెరిగిన సూక్ష్మజీవులు గొట్టం వెంట పైకి ఎక్కేవి. నాలుగు రోజులుంటే దాదాపు అందరి మూత్రంలోనూ బాక్టీరియా కనిపించేది. గొట్టం నుంచి సంచీ వరకు ఎక్కడా గాలి చొరని మూసిన దారి ఉంటే ఈ ముప్పు బాగా తగ్గుతుందని కునిన్, మెక్‌కార్మాక్ అనే వైద్యులు 1966లో చూపించారు. ఫోలీ కన్నుమూసింది కూడా ఆ సంవత్సరమే. ఇప్పుడు మనం చూసే ప్లాస్టిక్ సంచీ ఆ ఆలోచన ఫలితం. ఇది కూడా ముప్పును పూర్తిగా తీసేయదు. గొట్టం ఉన్న ప్రతి రోజుకూ మూత్రంలో బాక్టీరియా చేరే అవకాశం 3 నుంచి 7 శాతం పెరుగుతూ పోతుంది.

మరి బిడ్డను తీసే ఆపరేషన్‌లో ఇది ఎందుకు? మూత్రాశయం గర్భసంచి కింది భాగానికి ముందువైపు ఆనుకుని ఉంటుంది, సిజేరియన్ కోత పడేదీ అక్కడే. నిండిన మూత్రాశయం కత్తి దారికి అడ్డొస్తుంది, దానికి గాయం కావచ్చు. వెన్ను మత్తు పనిచేస్తున్నంతసేపూ మూత్రం వస్తున్న స్పృహ ఉండదు, పోయడానికి కండరాలు సహకరించవు. ఒకపక్క సెలైన్ సీసాలు ఎక్కుతూనే ఉంటాయి. అందుకే చాలాచోట్ల మత్తు ఎక్కాక ఆపరేషన్ థియేటర్‌లోనే గొట్టం వేస్తారు, నొప్పి తెలియదు. మత్తుకు ముందే వేస్తే కాసేపు మంట, ఒత్తిడి అనిపిస్తాయి. బెలూన్ మూత్రాశయం మూతి మీద ఆనినందువల్ల గొట్టం ఉన్నా మూత్రం వస్తున్నట్టే అనిపించడం కూడా మామూలే. అలా అనిపించిందని గొట్టాన్ని లాగకూడదు. లోపల బెలూన్ ఉబ్బి ఉందని తెలియని తల్లి లాగేసుకుంటే నాళం చీరుకుపోతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు రోజే ఆమెకు అర్థమయ్యే భాషలో, ఒక గొట్టం చేతికిచ్చి, బెలూన్ ఉబ్బించి చూపించాలి. వైద్యంలో ఇది కూడా భాగమని గట్టిగా నమ్ముతాను. నర్సుకు కువి రాకపోతే వార్డులో వచ్చినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, ఆశా కార్యకర్త ఉంటుంది.

తేదీ ముందే పెట్టుకునే సిజేరియన్‌కు మన్యంలో ఉన్న విలువ పట్నంలో ఉన్నవాళ్లకు వెంటనే తట్టదు. రోడ్డు లేని కొండ ఊరి నుంచి నొప్పులు మొదలయ్యాక డోలీ కట్టి మోసుకొచ్చిన తల్లుల వార్తలు ప్రతి వానాకాలం చదువుతున్నాం. మాయ అడ్డంగా ఉన్నా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా, అంతకుముందు రెండు ఆపరేషన్లు అయినా, వారం ముందే ఆస్పత్రి దగ్గరికి చేరడం ప్రాణాలు నిలిపే పని. సాలూరులో గిరిజన గర్భిణుల కోసం నడుస్తున్న వసతి గృహం లాంటివి అందుకే పుట్టాయి.

ఆలస్యమైతే గొట్టం పని కూడా మారిపోతుంది. బిడ్డ తల గంటల తరబడి కటిలో ఇరుక్కుంటే మూత్రాశయం గోడ ఎముకకూ తలకూ మధ్య నలిగిపోతుంది. రక్తం అందని ఆ చోట కొన్ని రోజుల తర్వాత రంధ్రం పడి, మూత్రం ఆపుకోలేని స్థితి వస్తుంది. అలా నలిగిన తల్లికి గొట్టాన్ని వారం నుంచి రెండు వారాల దాకా ఉంచుతారు, మూత్రాశయం ఖాళీగా ఉంటే గోడ మానే అవకాశం ఉంటుంది కాబట్టి. సంచీలో మూత్రం ఎర్రగా ఉన్నా గొట్టం త్వరగా తీయరు. అంతా సవ్యంగా జరిగిన సిజేరియన్‌లో ఈ అవసరం లేదు.

బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదమున్న తల్లికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. ఆ మందు ఒంట్లోంచి మూత్రంలోనే బయటికి పోవాలి. గంటకు 30 మిల్లీలీటర్లయినా రాకపోతే మందు పేరుకుని ఊపిరికే ముప్పు వస్తుంది. అందుకే గంట గంటకూ సంచీ మీది గీతలు చదివి రాస్తారు. ఇలాంటి తల్లిని అరకు నుంచి విశాఖ కేజీహెచ్‌కు పంపాల్సి వస్తే అనంతగిరి ఘాట్ మలుపుల మీదుగా 110 కిలోమీటర్ల పైనే ప్రయాణం. స్ట్రెచర్ ఎత్తేటప్పుడు చేతికి అడ్డమని సంచీని ఆమె పొట్ట మీద పెట్టకూడదు, సంచీలోని మూత్రం తిరిగి లోపలికి పోతుంది. ఎప్పుడూ నడుము కంటే కిందే వేలాడాలి, నేలకు మాత్రం తగలకూడదు.

ఈ గొట్టానికి రక్తం ఆపే పని మొదటి నుంచీ ఉన్నదే, అది తల్లుల దగ్గరికి మన పొరుగునుంచే తిరిగి వచ్చింది. కాన్పు తర్వాత గర్భసంచి ముడుచుకోక రక్తం ధారగా పోతుంటే, గొట్టం కొసకు కండోమ్ కట్టి గర్భసంచిలో ఉంచి సెలైన్‌తో నింపి లోపలి నుంచి అదిమిపట్టే పద్ధతిని ఢాకా వైద్యురాలు సయేబా అఖ్తర్ 2003లో ప్రచురించారు. ఖరీదైన విదేశీ బెలూన్ దొరకని చోట ఇది తల్లులను కాపాడింది. అసలే రక్తం తక్కువగా ఉండే మన కొండ తల్లులకు ఇంతకంటే విలువైన పరికరం ఏదీ గుర్తుకు రావడం లేదు.

ఇక తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు. ముందే తేదీ పెట్టుకున్న, ఏ చిక్కూ లేని సిజేరియన్‌లో గొట్టం ఒక రాత్రికి మించి ఉండాల్సిన పని సాధారణంగా ఉండదు. తల్లి లేచి నడవగలిగాక, మత్తు చివరి డోసు తర్వాత కనీసం 12 గంటలు గడిచాక తీయాలని బ్రిటన్‌లోని నైస్ సంస్థ చెబుతుంది. మూత్రం కొలతతో పని లేనప్పుడు ఆపరేషన్ అవగానే తీసేయవచ్చని ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకునే పద్ధతులు రూపొందించే ఈరాస్ సొసైటీ 2019లో సూచించింది. మన ఆస్పత్రుల్లో ఎక్కువగా మర్నాడు పొద్దున తీస్తారు.

తీయడం నిమిషం పని. సిస్టర్ ఖాళీ సిరంజిని రంగు వాల్వుకు పెడుతుంది. బెలూన్ ఒత్తిడికి నీళ్లు వాటంతటవే సిరంజిలోకి వెనక్కి వస్తాయి, పిస్టన్ దానంతటదే జరుగుతుంది. ఎక్కించిన 10 మిల్లీలీటర్లూ వచ్చాయని చూసుకుని, "గట్టిగా ఊపిరి పీల్చుకోమ్మా" అంటుంది. ఊపిరి వదిలేలోగా గొట్టం జారి వచ్చేస్తుంది. కాస్త చురుక్కుమంటుంది, అంతే.

ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు గంటల్లో మూత్రం రావాలి. మొదటిసారి మంట ఉండొచ్చు. ఆ మొదటి రెండుసార్లూ కొలిచే గిన్నెలో పోయమంటారు, చుక్కలు చుక్కలుగా వస్తున్నా రాకపోయినా సిగ్గుపడకుండా చెప్పాలి. బెడ్‌పాన్ మీద కంటే పట్టుకుని నడిపించి బాత్రూంకు తీసుకెళితే తేలిగ్గా వస్తుంది. మొదటిసారి లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి కాబట్టి పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి వేసి, కాసేపు కూర్చుని అప్పుడు నిలబడాలి. నడక వల్ల కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది, కడుపులో గ్యాసు కదులుతుంది.

నీళ్ల విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. బాలింతకు నీళ్లు తగ్గించే అలవాటు తెలుగు ఇళ్లలో ఇంకా పోలేదు. నీళ్లు తాగితే కుట్లు చీము పడతాయనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గొట్టం తీసిన తర్వాత మూత్రాశయాన్ని కడిగి శుభ్రంగా ఉంచేది తాగిన నీళ్లే. పాలు పడటానికీ అవే కావాలి. మన్యంలో సికిల్ సెల్ ఉన్న కుటుంబాలున్నాయి. వాళ్లలో ఒంట్లో నీరు తగ్గితే ఎర్ర కణాలు కొడవలిలా వంగి నాళాలకు అడ్డం పడతాయి. వేడి నీళ్లు ఇస్తారో, చోడి అంబలి ఇస్తారో, ఏదైనా ధారాళంగా ఇవ్వండి.

2011 జూన్ 1న మొదలైన జనని శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాస్పత్రిలో సిజేరియన్ అయిన తల్లికి ఏడు రోజుల వరకు భోజనం ఉచితం, ఇంటికి చేర్చే వాహనం కూడా ఉచితం. ఇల్లు చేరాలని తొందరపడి రెండో రోజే వెళ్లిపోవద్దు. ఇంటికి వెళ్లాక ఆరు వారాలు బిడ్డ కంటే బరువైనది ఎత్తకూడదు. అంటే ఊట నుంచి బిందెలు, అడవి నుంచి కట్టెలు, నవంబరు నుంచి కాఫీ పళ్ల బుట్టలు వేరేవాళ్లు మోయాలి. ఆమె భర్త, అత్తమామలు డిశ్చార్జి రోజున ఆస్పత్రిలోనే ఉండి ఈ మాట వినాలి. చలి వణుకుతో జ్వరం, మూత్రంలో మంట పెరగడం, నడుము పక్కన నొప్పి, కుట్ల నుంచి చీము, తెలియకుండానే మూత్రం కారిపోవడం, పిక్కలో వాపు, ఇందులో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయాలి. సిగ్నల్ లేని ఊరైతే ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో అదే రోజు కబురు అందాలి.