సూరచేపల వేటయు, పడవ సంరక్షణయు



మన విశాఖపట్టణపు జాలరులు సూర యని పిలుచు చేపనే ఇంగ్లీషువారు ట్యూనా యందురు. పొట్టమీద నామములవంటి చారలు గలది నామాల సూర. పసుపుపచ్చని రెక్కలు గలది రెక్క సూర. మనవారికి ఈ వేట పొట్టకూటి పని. అమెరికాలో, కాలిఫోర్నియా తీరమున, ఇదియే వినోదముగ గూడ సాగుచున్నది. పడవను, దానిని నడుపు తండేలును దినమున కింతయని కుదుర్చుకొని, గట్టు కనబడనంత దూరము పోయి గాలము వేయుదురు. శాండియేగో రేవునుండి అట్టి పడవలో నేనొకమారు పోయితిని. ఆ దినమున నాకు చేపనుగూర్చి కొంతయు, పడవనుగూర్చి అంతకంటె నెక్కువయు తెలిసినది.

ఈ వినోదమునకు పుట్టినిల్లు కాటలీనా ద్వీపము. 1898 జూన్ నెలలో చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డరు అను నాయన అచ్చట 183 పౌనుల సూరను సన్నని దారపు గాలముతో పట్టెను. ఆ యేడే అవలాన్ పట్టణమున ట్యూనా క్లబ్బు వెలసినది. తరువాత జార్జి ఫార్న్స్‌వర్త్ అను నావికుడొక యుక్తి పన్నెను. సూర పడవను చూచి బెదరును గదా! ఆయన గాలిపటము నెగురవేసి, దానినుండి ఎరను వ్రేలాడదీసి, పడవకు దూరముగ నీటిపై ఎగిరి పడునట్లు చేసెను. ఆ పద్ధతి నేటికిని పోలేదు. మా పడవలో గూడ గాలిపటముండెను. నెరసిన తలల పెద్దలు దానికొఱకు పెనగులాడుట చూచి నాకు సంక్రాంతి జ్ఞప్తికి వచ్చినది.

సూరకు అంత బలమెక్కడిది? చేపలలో మిక్కిలి భాగము చుట్టునున్న నీరెంత చల్లనో తామును అంత చల్లనివే. సూర అట్లు గాదు. నామాల సూర యొడలు సముద్రపు నీటికంటె సుమారు 10 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చగ నుండునని జాన్ డేవీ అను వైద్యుడు 1835లో ప్రకటించెను. కండలనుండి మరలు వెచ్చని నెత్తురును, మొప్పలనుండి వచ్చు చల్లని నెత్తురును మోయు సన్నని నాళములు జడవలె అల్లుకొని ప్రక్కప్రక్కనే ఎదురెదురుగ పాఱును. కండలలో పుట్టిన వేడి నీటిపాలు గాక మరల కండలకే చేరును. ఆగి నిలుచుట ఈ చేపకు లేదు. ఈదుట మానినచో మొప్పలలో నీరు పాఱక చచ్చును.

పట్టిన పిదప ఆ వేడియే చేటు. వెంటనే నెత్తురు కార్చి మంచుగడ్డలలో పెట్టనిచో మాంసమున హిస్టమైను అను విషపదార్థము పుట్టును. అది వండినను పోదు.

ఇక పడవ సంగతి. తీరమునకు ముప్పది మైళ్లు దాటినపుడు, ఇంజను వేడిని చూపు ముల్లు పైకి ప్రాకెను. తండేలు వెంటనే ఇంజను నాపెను. ఇట్టి ఇంజనులను సముద్రపు నీరే చల్లార్చవలెను. పడవ అడుగునుండి ఒక పంపు ఉప్పునీటిని పీల్చి, సన్నని గొట్టముల కట్టగుండ పంపును. ఆ గొట్టముల చుట్టు ఇంజనులోని మంచినీరు తిరుగుచు చల్లబడును. పంపు లోపల నుండునది రబ్బరు రెక్కల చక్రము. నీరు లేక తిరిగినను, కాలము మీఱినను దాని రెక్కలు తెగును. మా పడవలో జరిగినది అదియే. మార్చుటకు క్రొత్త చక్రముండెను గాని, పంపు మూత మరలు ఉప్పుపట్టి బిగిసి రావయ్యెను. రెండు గంటలు అలలపై ఊగితిమి. గాలి హెచ్చినది, ఇద్దఱికి వాంతులు పట్టుకొన్నవి, చేపల మాట ఎవ్వరును ఎత్తలేదు. క్రిందటి యేడే మార్చవలసినదనియు, వాయిదా వేసితిననియు తండేలు దాచక చెప్పెను.

ఆ దేశపు చట్టము ప్రకారము, సొమ్మిచ్చిన ప్రయాణికులు ఆరుగురికి మించినచో చిన్న పడవకైనను ప్రభుత్వ తనిఖీ పత్రముండవలెను. మేము సరిగ ఆరుగురము. నడుపువానికి అనుమతిపత్రము గలదు గాని పడవకు తనిఖీ లేదు. అనగా మా ఆరుగురి ప్రాణములును ఆతని శ్రద్ధపై నుండెనన్నమాట.

పాత చక్రమునకు ఆరు రెక్కలుండవలెను. మూడే మిగిలినవి. తండేలు క్రొత్తది బిగించియు సంతోషింపలేదు. తెగిన ముక్కలు నీటివెంట గొట్టముల కట్టలోనికి పోయి, నోళ్ల కడ్డుపడి, మరల వేడి పుట్టించునట. అందుచే సగము వేగముతో, ముల్లునుండి చూపు త్రిప్పక రేవు చేర్చెను.

రేవున ఆతడు మూత విప్పి, ముందుగ ఒక తుత్తునాగపు కడ్డీని తీసి నాకు చూపెను. ఎలుకలు కొఱికినట్లుండెను. ఉప్పునీట రెండు లోహములు కలిసియున్నచో అందొకటి తినబడును. గొట్టములకు బదులు తినబడుటకే ఈ కడ్డీ పెట్టుదురు. ఈ యుపాయము హంఫ్రీ డేవీది, అనగా పైని చెప్పిన జాన్ డేవీ యన్నది. 1824లో ఆయన ఇంగ్లీషు యుద్ధనౌకల రాగి రేకులకు ఇనుము, తుత్తునాగము తగిలించి చూచెను. రాగి తినబడుట ఆగినది గాని, ఓడకు నాచు, గుల్లలు విరివిగ పట్టెను. కరగు రాగియే వానికి విషమై యుండెనని అప్పుడు తెలిసినది. నేడు పడవల అడుగున పూయు రంగులలో రాగి భస్మమును కలుపుట అందులకే.

గట్టుమీద తక్కినవారు మాకు దొరికిన ఒకే ఒక రెక్క సూరతో ఫొటోలు తీయించుకొనుచుండిరి. తండేలు కటకముక్కు పట్టుకారుతో గొట్టముల నోళ్లు వెదకుచుండెను. రెండు రెక్కలు వెంటనే వచ్చినవి. మూడవదానికై చీకటి పడువఱకు వెదకి, దొరికిన పిదపనే పడవ దిగెను.