ఖనిలో సేదతీరడం: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

‘బొగ్గు దుమ్ము, మట్టి గుట్టలు, ఎన్టీపీసీ పొగగొట్టాలు. ఇక్కడ ప్రకృతి ఎక్కడిది? సేదతీరాలంటే అరకుకో ఊటీకో పోవాల్సిందే.’ గోదావరిఖనిలో పుట్టి పెరిగినవాళ్ళే ఈ మాటంటారు. పక్కనే గోదావరి ఉంది. సెంటినరీ కాలనీ దాటితే రామగిరి ఖిల్లా ఉంది. 2019లో ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మందిపై చేసిన అధ్యయనంలో, వారానికి కనీసం 120 నిమిషాలు పార్కుల్లోనో అడవుల్లోనో నీటి ఒడ్డునో గడిపినవాళ్ళు ఒళ్ళూ మనసూ బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఆ సమయం ఒక్కరోజే గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా లేదు. ఆరోగ్యవంతులే ఎక్కువగా బయట తిరుగుతారేమోనన్న అనుమానం మాత్రం అలాగే ఉంది. క్వార్టర్ ముందరి జామచెట్టు కింద కూర్చున్నది సొంత పెరడు కాబట్టి ఆ 120 నిమిషాల లెక్కలోకి రాదు, పాపం.

‘పొద్దుటి ఎండలో నడక అందరికీ మంచిదే.’ నైట్ షిఫ్ట్ దిగినవాళ్ళకు కాదు. అప్పుడు కళ్ళల్లో పడే వెలుగు, తెల్లారింది లెమ్మని మెదడుకు చెబుతుంది. ఇంటికొచ్చి పడుకున్నా నిద్ర రాదు. నల్లద్దాలు పెట్టుకుని నేరుగా ఇల్లు చేరి, గది చీకటి చేసుకుని పడుకోవడమే మేలు. నడక సాయంత్రానికి పెట్టుకోవాలి. ఫస్ట్ షిఫ్ట్ వాళ్ళు బొగ్గు బాయి నుంచి పైకొచ్చేసరికి ఇంకా పగలే. అయితే మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, పొద్దు వాలేదాకా నీడపట్టునే ఉండాలి. నా మాటైతే, ఇంట్లోవాళ్ళు వారాంతపు విహారం కంటే ముందు షిఫ్టు వంతు చూసుకోవాలి.

‘చెట్ల మధ్య మనసు కుదుటపరచుకోవడం విదేశీ మోజు.’ ‘ఫారెస్ట్ బాతింగ్’ అన్నది జపాన్ అటవీ శాఖ 1982లో పెట్టిన పేరే. ఆ పని మాత్రం మనకు కొత్త కాదు. మేడారం జాతరలో సమ్మక్క సారలమ్మలకు విగ్రహాలే లేవు. చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె వస్తుంది, గద్దెల మీద వెదురు నిలుస్తుంది. జాతరకు పోయినవాళ్ళు చెట్ల కింద వండుకుని, తిని, నిద్రపోతారు.

‘రామగిరి మూలికలు, గుట్ట గాలి కలిస్తే ఊపిరితిత్తుల్లో బొగ్గు దుమ్ము పోతుంది.’ పోదు. దుమ్ము వల్ల ఊపిరితిత్తుల్లో పడిన మచ్చలు మానవు. గుట్ట ఎక్కండి, కానీ నిర్ణీత కాలానికోసారి జరిగే వైద్య పరీక్ష (పీఎంఈ)లో ఎక్స్‌రే మానకండి.

‘నీళ్ళూ పచ్చదనమూ కనబడితే చాలు.’ పనులు ఆగిన ఓపెన్‌కాస్ట్ గుంతల్లో నిలిచిన నీళ్ళు నీలంగా, ఎంతో అందంగా ఉంటాయి. ఒడ్డు నిట్టనిలువుగా ఉంటుంది, రెండడుగులు వేస్తే లోతు. ఈతకు పనికిరావు. మొక్కలు నాటినా మట్టి గుట్టలు వానకు జారవచ్చు. వానాకాలంలో ఎల్లంపల్లి ప్రాజెక్టు గేట్లు ఎత్తారంటే గోదావరి ఒడ్డుకూ దిగకూడదు.