ఎండెక్కిందా... మంచుకొండ దిగాల్సిందే!

ఎండ కాస్తే వాతావరణం బాగున్నట్టే అనుకోవడం మైదానాల్లో పుట్టిపెరిగిన మనకు అలవాటు. హిమాలయాల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఈ లెక్క పనిచేయదు. అక్కడ ఎండ ముదిరేకొద్దీ ముప్పూ ముదురుతుంది. బెంగళూరు, హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్‌ల నుంచి గుల్మార్గ్, మనాలి, సిక్కిం చూడబోయే తెలుగువారు, ముఖ్యంగా స్కీయింగ్ సరదా ఉన్న కుర్రకారు ఈ సంగతి తెలుసుకుని బయలుదేరడం మేలు.

పొద్దున రాయి.. మధ్యాహ్నం బురద

పగలు కరిగిన మంచు రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే మళ్లీ గడ్డకడుతుంది. తెల్లవారేసరికి పైపొర రాయిలా తయారవుతుంది. ఎండ తగిలాక కరిగిన నీరు లోపలికి ఇంకి పొరల మధ్య పట్టు సడలుతుంది. తడిసి బరువెక్కిన మంచు వాలు వెంట ఒక్కసారిగా జారిపోతుంది. ముందు తూర్పు వాలు, తర్వాత దక్షిణం, చివరికి పడమర వాలు మెత్తబడతాయి. రాత్రి మబ్బు పట్టినా, వాన పడినా మంచు సరిగా గడ్డకట్టదు. అలాంటప్పుడు పొద్దున్నే వెళ్లినా ప్రమాదమే.

2023 ఏప్రిల్ 4న సిక్కింలోని నాథులా దారిలో మంచు చరియలు విరిగిపడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. అప్పుడు సమయం మధ్యాహ్నం 12 గంటల ప్రాంతం. 13వ మైలు వరకే అనుమతి ఉండగా, ప్రమాదం 15వ మైలు వద్ద జరిగింది.

బాట దాటితే భద్రత మనదే

గుల్మార్గ్‌లో కేబుల్ కారు దాదాపు 13 వేల అడుగుల ఎత్తున అఫర్వాత్ కొండ మీదికి చేరుస్తుంది. గుర్తించిన హద్దు దాటి స్కీయింగ్‌కు వెళ్తే ఎవరి జాగ్రత్త వారిదే. ఆ కొండ మీద 2023 ఫిబ్రవరి 1న పోలండ్ స్కీయర్లు ఇద్దరు మంచు కింద పడి మరణించారు.

ఇవి మరవొద్దు

* చీకటితోనే బయలుదేరాలి. ఎండ ముదరకముందే దిగిపోవాలి.

* బూటు చీలమండ దాకా దిగబడుతున్నా, మంచు ఉండలు వాటంతటవే దొర్లుతున్నా వెనక్కి తిరగాల్సిందే.

* 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే ఎక్కువగా చరియలు జారతాయి. అలాంటి చోట ఒక్కొక్కరే దాటాలి. మిగతావారు సురక్షితమైన చోట నిలబడి చూస్తుండాలి.

* మంచులో కూరుకుపోయినవారి జాడ చెప్పే ట్రాన్స్‌సీవర్, పొడిచి వెతికే పొడవాటి కడ్డీ, పార... ఈ మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. వాడటం ముందే నేర్చుకోవాలి.

* డీఆర్‌డీవోకు చెందిన డీజీఆర్ఈ మంచు చరియలపై హెచ్చరికలు ఇస్తుంది. అవి చూడకుండా కదలొద్దు.

పది నిమిషాలే కీలకం

మంచులో పూర్తిగా కూరుకుపోయినవారిని పది నిమిషాల్లోపు తీస్తే చాలామంది బతుకుతారు. ఆ తర్వాత ఊపిరాడక ఆశలు వేగంగా సన్నగిల్లుతాయి. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మద్రాస్ రెజిమెంట్ జవాన్లు పది మంది మంచులో కూరుకుపోయారు. వారిలో కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర బిడ్డలతో పాటు కర్నూలు జిల్లా జవాను కూడా ఉన్నారు. ధార్వాడ జిల్లాకు చెందిన హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరకడం దేశాన్నే ఆశ్చర్యపరిచింది. అయినా ఆయన ఫిబ్రవరి 11న కన్నుమూశారు. అలాంటి అద్భుతాన్ని నమ్ముకుని కొండెక్కకూడదు. సాయం ఊరి నుంచి వచ్చేసరికి పది నిమిషాలు దాటిపోతాయి. కాపాడాల్సింది పక్కనున్న జతగాడే. పార పట్టుకోని జతగాడితో మంచు వాలు మీదికి వెళ్లకపోవడమే మంచిది.