గోదావరి శిస్తు తిన్న ఫ్రెంచి దొర: ఎవరీ బుస్సీ?

బొబ్బిలి కథ విన్నవాళ్లందరికీ బుస్సీ పేరు తెలుసు. ఫిరంగులతో కోట మీదికొచ్చిన ఫ్రెంచి దొర. కానీ మండపేట ప్రాంతం ఉన్న రాజమండ్రి సర్కారు శిస్తు కూడా కొన్నేళ్లు ఆయనకే వెళ్లిందని చాలామందికి తెలీదు.

ఎవరీయన?

పూర్తి పేరు చార్లెస్ జోసెఫ్ పాటిస్సియే, మార్క్వి ద బుస్సీ. ఫ్రాన్స్‌లో సోయిసాన్ దగ్గరి కులీన కుటుంబం. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నర్ డూప్లేకి కుడిభుజంగా ఎదిగాడు. డూప్లే భార్య జాన్‌కి మొదటి పెళ్లి వల్ల కలిగిన కూతురు షోన్‌షోన్‌తో ఆయనకి సంబంధం కుదిరింది. 1754లో డూప్లేని ఫ్రాన్స్‌కి వెనక్కి పిలిచారు. ఆ పెళ్లి జరగలేదు.

సర్కార్లు ఎలా దక్కాయి?

1751లో నవాబు ముజఫర్ జంగ్‌కి తోడుగా బుస్సీ హైదరాబాద్ బయల్దేరాడు. దారిలో రాయచోటి దగ్గర ముజఫర్ జంగ్ హతమయ్యాడు. బుస్సీ వెంటనే సలాబత్ జంగ్‌ని గద్దెనెక్కించాడు. అప్పట్నుంచి నిజాం దర్బారుకి ఫ్రెంచి సైన్యం కాపలా. ఆ సైన్యానికి జీతాలు ఎవరివ్వాలి? అసలు చిక్కు ఇక్కడే. 1753లో బుస్సీ జబ్బు చేసి మచిలీపట్నం వెళ్లగానే దివాన్ సయ్యద్ లష్కర్ ఖాన్ జీతాలు ఆపేశాడు. బుస్సీ తిరిగొచ్చి ఖజానా మాటలు నమ్మకుండా నేరుగా భూమి శిస్తే అడిగాడు. ఆ ఏడాది చివర్లో ముస్తఫానగర్ (కొండపల్లి), ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లకి సలాబత్ జంగ్ సనదు ఇచ్చేశాడు. అంటే ఔరంగాబాద్‌లో రాసిన కాగితానికి గోదావరి రైతు పంట జీతమైంది.

చుట్టూ ఉన్నవాళ్ల గతి

బుస్సీ దివాన్ హైదర్ జంగ్, అసలు పేరు అబ్దుర్ రహమాన్. 1757 జనవరి నాటి బొబ్బిలి యుద్ధం కథలో ఈయన పేరు గట్టిగానే వినిపిస్తుంది. 1758 మేలో ఔరంగాబాద్‌లో సలాబత్ జంగ్ తమ్ముడు నిజాం అలీ ఆయన్ని చంపించాడు. అదే రోజు గొడవలో మొగల్ అమీర్ల చరిత్ర ‘మఆసిరుల్ ఉమరా’ రాసిన షా నవాజ్ ఖాన్ కూడా ప్రాణం పోగొట్టుకున్నాడు.

అదే ఏడు లాలీ పిలుపుతో బుస్సీ దక్షిణానికి వెళ్లాడు. డిసెంబర్‌లో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషు సైన్యం చేతిలో ఓడారు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం పోయింది. మే నెలలోనే సలాబత్ జంగ్ ఇంగ్లీషువాళ్లతో ఒప్పందం చేసుకున్నాడు. 1762లో తమ్ముడే ఆయన్ని గద్దె దించి బీదర్‌లో ఖైదు చేశాడు. మర్నాడు ఏడాదికి అక్కడే చనిపోయాడు. 1766లో నిజాం అలీ ఇవే సర్కార్లని ఏటా కొంత సొమ్ముకి ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చాడు.

బుస్సీ 1760లో వందవాసిలో పట్టుబడి, ఫ్రాన్స్ చేరాడు. ముసలితనంలో ఫ్రెంచి సేనానిగా మళ్లీ వచ్చి, 1785 జనవరిలో పుదుచ్చేరిలో కన్నుమూశాడు.

సనదుల మీద సంతకాలు మారాయి. శిస్తు కట్టింది మాత్రం మన గోదావరి రైతే.